వెండి కొండ ఉన్నా తీరని అప్పు

1556లో స్పెయిన్ సింహాసనాన్ని అధిష్ఠించిన రెండో ఫిలిప్ రాజుకు నాటి యూరప్‌లో సాటి రాగల ప్రభువు లేడు. స్పెయిన్‌తోపాటు ఇటలీలో నేపుల్స్, మిలాన్, ఉత్తరాన నెదర్లాండ్స్, అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల మెక్సికో, పెరూ ఆయన ఏలుబడిలో ఉన్నాయి. అమెరికా గనులలో తవ్వి తీసిన వెండి నౌకలకొద్దీ సెవిల్ నగరానికి వచ్చి చేరేది. అంతటి ప్రభువు గద్దెనెక్కిన మరుసటి ఏడాదే, 1557లో, రుణదాతలకు చెల్లింపులు నిలిపివేస్తూ ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చింది. 1560లో, 1575లో, 1596లో మళ్ళీ అదే జరిగింది. ఆయన వారసుల కాలంలో 1607, 1627, 1647 సంవత్సరాలలోనూ అదే తంతు పునరావృతమైంది.

ఆ రాజుపై తిరుగుబాటు చేసి విడిపోయిన హాలండ్ పరిస్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. అది సముద్రమట్టానికి దిగువన ఉన్న బురద నేల. వెండి గనులు లేవు, సరిపడా తిండిగింజలు పండే భూమి కూడా లేదు. అయినా ఆ చిన్న దేశం 80 ఏళ్ళపాటు స్పెయిన్‌తో పోరాడి, 1648లో స్వాతంత్ర్యానికి గుర్తింపు పొందింది. 1655 నాటికి అక్కడి ప్రభుత్వానికి 4 శాతం వడ్డీకే అప్పు పుట్టేది. స్పెయిన్ రాజు తన అవసరానికి 10 శాతానికి మించి చెల్లించినా రుణదాతలు వెనకాముందాడే రోజులవి. వెండి ఉన్నవాడికి పుట్టని అప్పు వెండి లేనివాడికి ఎలా పుట్టింది? 16, 17 శతాబ్దాల యూరప్ ఆర్థిక సంక్షోభానికీ, అనంతరం కొన్ని దేశాలలో కనిపించిన పునరుద్ధరణకూ కీలకం ఈ ప్రశ్నలోనే ఉంది. ఖజానాలో ఎంత లోహం ఉన్నదన్నది కాదు, ప్రభుత్వం తన మాటను ఎంతవరకు నిలబెట్టుకున్నది, తన భారాన్ని ఎవరి భుజాలపై మోపింది అన్నదే ఆయా దేశాల భవితవ్యాన్ని నిర్ణయించింది.

వెండి వరద, ధరల మంట

నేటి బొలీవియాలో ఉన్న పొటోసీ వెండి కొండను స్పెయిన్ వారు 1545లో కనుగొన్నారు. మరుసటి ఏడాది మెక్సికోలో జకతేకస్ గనులు బయటపడ్డాయి. ముడి ఖనిజాన్ని పాదరసంతో కలిపి వెండిని వేరు చేసే పద్ధతి అమలులోకి వచ్చిన తరువాత ఉత్పత్తి ఒక్కసారిగా పెరిగింది. పెరూలోని హువాంకవెలికాలో పాదరసం గనులు దొరకడం ఇందుకు కలిసివచ్చింది. 1570లలో వైస్రాయ్ ఫ్రాన్సిస్కో డి టొలెడో ప్రవేశపెట్టిన వెట్టిచాకిరీ విధానం కింద ఏటా దాదాపు 13,000 మంది స్థానిక ఇండియన్లను వంతులవారీగా పొటోసీకి తరలించేవారు. గనిలో దిగినవారిలో ఎందరో దుమ్ముకు, ప్రమాదాలకు బలయ్యారు. వెండిని శుద్ధి చేసేచోట పనిచేసినవారిని పాదరసం విషం హరించింది. ఉత్పత్తిలో ఐదో వంతు రాజు వాటా. మిగిలినదానిలో అత్యధిక భాగం వర్తకుల ద్వారా యూరప్ మార్కెట్లకు ప్రవహించింది.

ఈ వెండి వెంట ధరలు కూడా పెరిగాయి. 16వ శతాబ్దంలో స్పెయిన్‌లో ధరలు సుమారు నాలుగు రెట్లయ్యాయి. ఏడాదికి లెక్క వేస్తే ఈ పెరుగుదల స్వల్పమే. కానీ తరతరాలుగా ధరలు దాదాపు స్థిరంగా ఉండడానికి అలవాటుపడిన సమాజానికి అది పెను ఉపద్రవంగా తోచింది. సలమాంకా విశ్వవిద్యాలయానికి చెందిన మత పండితుడు మార్టిన్ డి అజ్పిల్‌కుయెటా 1556లోనే దీని కారణాన్ని పసిగట్టాడు. ద్రవ్యం విస్తారంగా ఉన్నచోట దాని విలువ తగ్గుతుందనీ, కొరతగా ఉన్నచోట పెరుగుతుందనీ ఆయన వివరించాడు. 1568లో ఫ్రాన్స్‌కు చెందిన న్యాయ పండితుడు జాన్ బొదాన్ కూడా ఇంచుమించు ఇదే నిర్ణయానికి వచ్చాడు.

అయితే నేరమంతా వెండిదే అనలేము. ఆ శతాబ్దంలో యూరప్ జనాభా వేగంగా పెరిగింది. తిండిగింజలకు గిరాకీ హెచ్చింది. సాగుభూమి మాత్రం ఆ మేరకు పెరగలేదు. ఫలితంగా వస్త్రాలు, పనిముట్ల ధరల కంటే ధాన్యం ధరలు వేగంగా పెరిగాయి. కూలి రేట్లు ధరలను అందుకోలేక వెనకబడిపోయాయి. అమ్ముకోవడానికి మిగులు ధాన్యం ఉన్న భూస్వామి లాభపడ్డాడు. రొట్టె కొనుక్కుని బతకవలసిన కూలివాడు నష్టపోయాడు. సంక్షోభం అందరినీ ఒకే విధంగా తాకదన్న సత్యం అప్పుడే రుజువైంది.

యుద్ధానికి ముందు ఖర్చు, వెండి తరువాత రాక

స్పెయిన్ రాజు చేతికందిన వెండి ఏమైంది? యుద్ధాలకు ఆహుతి అయింది. ఫ్రాన్స్‌తో, టర్కీతో, తిరుగుబాటు చేసిన నెదర్లాండ్స్‌తో, ఇంగ్లండ్‌తో ఆ రాజ్యం వరుసగా యుద్ధాలు చేసింది. సైనికుడికి జీతం నెలనెలా ఇవ్వాలి. వెండి ఓడలు మాత్రం ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తాయి. ఈ మధ్యకాలపు అవసరం తీర్చడానికి రాజు మొదట జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు చెందిన ఫుగ్గర్ వంశాన్ని, తరువాత ఇటలీలోని జెనోవా సాహుకార్లను ఆశ్రయించాడు. వారు యాంట్‌వర్ప్ వంటి చోట సైన్యానికి సొమ్ము అందజేస్తారు. వెండి ఓడ రాగానే వడ్డీతో సహా రాబట్టుకుంటారు. ఓడ ఆలస్యమైనా, యుద్ధం ఖర్చు అంచనాను మించినా ఈ ఏర్పాటు తలకిందులయ్యేది.

చెల్లించలేని పరిస్థితి ఎదురైనప్పుడల్లా రాజు ఒకే ఉపాయం పన్నాడు. అధిక వడ్డీ గల స్వల్పకాలిక రుణాలను బలవంతంగా తక్కువ వడ్డీ గల దీర్ఘకాలిక బాండ్లుగా మార్చేవాడు. ఆ బాండ్లపై వడ్డీకి ప్రజలు చెల్లించే పన్నుల ఆదాయాన్ని తాకట్టు పెట్టేవాడు. కాలక్రమేణా కాస్టీల్ రాజ్యపు సాధారణ ఆదాయంలో అధిక భాగం ఈ వడ్డీలకే పోయింది. కొత్త యుద్ధానికి మళ్ళీ అప్పు తప్ప గత్యంతరం లేకపోయింది.

1575లో చెల్లింపులు ఆగిపోయినప్పుడు సంభవించిన పరిణామం హృదయవిదారకమైనది. జీతాలు అందని స్పెయిన్ సైన్యం నెదర్లాండ్స్‌లో తిరగబడింది. 1576 నవంబరులో ఉత్తర యూరప్‌లోకెల్లా సంపన్న నగరమైన యాంట్‌వర్ప్‌పై విరుచుకుపడి రోజుల తరబడి దోచుకుంది. వేలాదిమంది పౌరులు హతులయ్యారు. ఏ రేవు వర్తకం మీద రాజు అప్పులు ఆధారపడి ఉన్నాయో ఆ రేవునే ఆయన సైనికులు నాశనం చేశారు. స్పెయిన్‌కు విధేయంగా ఉంటూ వచ్చిన దక్షిణ రాష్ట్రాలు సైతం తాత్కాలికంగా తిరుగుబాటుదారులతో చేతులు కలిపాయి. ఖజానా నిర్వహణలో జరిగిన వైఫల్యం సామ్రాజ్యాన్నే చీల్చగలదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

ఇటీవలి పరిశోధకులు కొందరు ఈ కథనాన్ని కొంత సవరించారు. మారిసియో డ్రెలిక్‌మన్, హాన్స్ యోకిమ్ వోత్ అనే ఆర్థిక చరిత్రకారులు 2014లో ప్రచురించిన గ్రంథంలో, రెండో ఫిలిప్ నిజానికి దివాలా తీసినవాడు కాడనీ, చేతిలో తక్షణం సొమ్ము లేక ఆగిపోయినవాడేననీ వాదించారు. జెనోవా సాహుకార్లు కూడా మొత్తం మీద లాభపడ్డారనే వారి అభిప్రాయం. ఈ వాదనలో బలముంది. సాహుకార్లు ముందే అధిక వడ్డీ గుంజి నష్టానికి సిద్ధపడి ఉన్నారనుకోవచ్చు. కానీ పన్ను కట్టే రైతుకూ, జీతం అందని సైనికుడికీ, దోపిడీకి గురైన పట్టణవాసికీ అటువంటి రక్షణ ఏదీ లేదన్నది విస్మరించరాదు.

పన్ను ఎవరిది? అనుభవం ఎవరిది?

కాస్టీల్‌లో వంశపారంపర్య ప్రభువర్గానికి ప్రత్యక్ష పన్నుల నుంచి మినహాయింపు ఉండేది. 1588లో ఇంగ్లండ్‌పైకి పంపిన నౌకాదళం ఓటమి పాలైన తరువాత ఏర్పడిన లోటు పూడ్చడానికి 1590లో కొత్త పన్ను విధించారు. అది కాలక్రమేణా మాంసం, సారాయం, నూనె వంటి నిత్యావసరాలపై స్థిరపడింది. ఎవరైనా నాలుగు డబ్బులు సంపాదిస్తే వాటిని వ్యాపారంలో పెట్టడం మాని, ప్రభుత్వ బాండ్లు కొనడానికో, పన్ను మినహాయింపు ఇచ్చే ప్రభు బిరుదు సంపాదించడానికో ప్రాకులాడేవారు. 1600లో వల్యదోలిద్ న్యాయవాది గొంజాలెజ్ డి సెలోరిగో రాజుకు సమర్పించిన మహజరులో ఈ ధోరణిపై ఆవేదన వ్యక్తం చేశాడు. సంపద పొలాలలో, పరిశ్రమలలో కాక కాగితాలలో నిలిచిపోయిందనీ, ధనం ఉండడం వల్లనే దేశం దరిద్రమైందనీ ఆయన భావం.

ఆయన ఆ మాట అంటున్న సమయానికే ప్లేగు వ్యాధి కాస్టీల్‌లో లక్షలాదిమందిని పొట్టన పెట్టుకుంటోంది. గోరుచుట్టుపై రోకటిపోటు అన్నట్టు, 1609 నుంచి 1614 వరకు ముస్లిం సంతతికి చెందిన దాదాపు 3 లక్షల మంది మొరిస్కోలను దేశం నుంచి వెళ్ళగొట్టారు. వలెన్షియా ప్రాంతంలో సాగునీటి వ్యవసాయానికి వారే ఆధారం. పన్ను కట్టే చేతులు తగ్గుతున్నకొద్దీ మిగిలినవారిపై భారం పెరిగింది. భారం పెరిగినకొద్దీ గ్రామాలు ఖాళీ అయ్యాయి.

రాగి నాణేల మాయ

అప్పు పుట్టని ప్రభుత్వం చివరకు నాణెంపై పడింది. చిల్లర నాణేలలో ఉండే కాస్త వెండిని కూడా తొలగించి కేవలం రాగితో ముద్రించడం 1599లో మూడో ఫిలిప్ కాలంలో మొదలైంది. 1603లో వాడుకలో ఉన్న రాగి నాణేలను వెనక్కి రప్పించి, వాటి విలువను రెట్టింపు చేస్తూ ముద్రలు వేశారు. నాణెం అదే, రాగి అదే. అంకె మాత్రం మారింది. ఆ మేరకు ప్రజల సొమ్ము ఖజానాకు చేరింది. 1609లో ఈ మోసాన్ని ఖండిస్తూ జెస్యూట్ మతాచార్యుడు హువాన్ డి మరియానా ఒక గ్రంథం ప్రకటించాడు. ప్రజల అనుమతి లేకుండా నాణెం విలువ తగ్గించడం వారి ఆస్తిని అపహరించడమేనన్నది ఆయన సిద్ధాంతం. ప్రభుత్వం నాణేన్ని సరిచేయలేదు కానీ, 70 ఏళ్ళు పైబడిన ఆ వృద్ధుణ్ణి మాత్రం నిర్బంధించింది.

తరువాత జరిగింది ఊహించదగినదే. మంచి వెండి నాణెం ఇళ్ళలో దాక్కుంది, లేదా దేశం దాటిపోయింది. సంతలో రాగి మాత్రమే మిగిలింది. ప్రపంచానికి వెండి సరఫరా చేసిన దేశంలో సామాన్యుడు వెండి కంటపడక రాగి నాణేల సంచులు మోసుకుని తిరిగాడు. 1628లో ప్రభుత్వం అకస్మాత్తుగా ఆ రాగి విలువను సగానికి తగ్గించింది. అప్పటికి ఇంట్లో రాగి దాచుకున్నవారి పొదుపులో సగం ఆవిరైంది. ఆ ఏడాదే డచ్చి నౌకాధిపతి పీట్ హైన్ క్యూబా తీరాన స్పెయిన్ వెండి నౌకలను పట్టుకోవడం కొసమెరుపు.

స్పెయిన్ ఒక్కటే ఈ దారి తొక్కలేదు. 1618లో ముప్పై ఏళ్ళ యుద్ధం మొదలైన తరువాత జర్మన్ సంస్థానాధీశులు పోటాపోటీగా కల్తీ నాణేలు ముద్రించారు. తమ చెడ్డ నాణేలను పొరుగు సంస్థానానికి పంపి, అక్కడి అమాయకుల నుంచి మంచి నాణేలు సేకరించి, వాటిని కరిగించి మళ్ళీ కల్తీ చేయడం ఒక వృత్తిగా మారింది. 1619 నుంచి 1623 వరకు ఈ పిచ్చి సాగింది. రైతులు సంతకు ధాన్యం తేవడం మానేశారు. జీతంపై బతికే ఉపాధ్యాయులు, మతాచార్యులు, కూలీలు పస్తులున్నారు. 1622లో మాగ్డెబర్గ్ నగరంలో అల్లర్లు చెలరేగాయి. చివరకు పన్నుల రూపంలో తమ చెడ్డ నాణేలే తమ వద్దకు తిరిగి రావడంతో పాలకులకు కళ్ళు తెరుచుకున్నాయి. పాత ప్రమాణాన్ని పునరుద్ధరించారు. కానీ యుద్ధం ఆగలేదు. 1648లో వెస్ట్‌ఫేలియా సంధి కుదిరే నాటికి జర్మనీ జనాభాలో ఐదో వంతు నుంచి మూడో వంతు వరకు తగ్గిపోయిందని చరిత్రకారుల అంచనాలు చెబుతున్నాయి.

1640 ప్రాంతంలో ఈ సంక్షోభం పరాకాష్ఠకు చేరింది. ఆ ఏడాది కతలోనియా, పోర్చుగల్ స్పెయిన్‌పై తిరగబడ్డాయి. ఇంగ్లండ్‌లో రాజుకూ పార్లమెంటుకూ మధ్య అంతర్యుద్ధం వచ్చింది. 1647 జూలైలో నేపుల్స్‌లో పండ్లపై విధించిన కొత్త పన్ను తిరుగుబాటుకు దారితీసింది. మసనియెల్లో అనే పేద జాలరి దానికి నాయకుడయ్యాడు. పది రోజులు తిరగకముందే ఆయనను చంపివేశారు. బ్రిటిష్ చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ 1954లో ఈ శతాబ్దపు కల్లోలాన్ని యూరప్ ఆర్థిక వ్యవస్థకు వచ్చిన సార్వత్రిక సంక్షోభంగా అభివర్ణించాడు. 2013లో జెఫ్రీ పార్కర్ వెలువరించిన బృహద్గ్రంథం దీనికి వాతావరణ కోణాన్ని జోడించింది. చలి పెరిగి పంటలు దెబ్బతిన్న ఏళ్ళలోనే పాలకులు యుద్ధ పన్నులు పెంచడం వల్ల విపత్తు రెట్టింపైందని ఆయన నిరూపించాడు. వర్షాభావం దైవాధీనం కావచ్చు. కరువులో పన్ను వేయడం మాత్రం మానవ నిర్ణయమే.

డచ్చివారి నిలకడ

హాలండ్ చేసిన పని చూడటానికి సాధారణమైనది. 1609లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపాలక సంస్థ ఒక మారకపు బ్యాంకును స్థాపించింది. రకరకాల దేశాల అరిగిపోయిన, కల్తీ అయిన నాణేలను అది తూచి, అసలు లోహం విలువ మేరకు ఖాతాలో జమ కట్టేది. 600 గిల్డర్లు, అంతకు మించిన హుండీలను ఆ బ్యాంకు ఖాతాల ద్వారానే చెల్లించాలని నిబంధన పెట్టారు. దాంతో వర్తకుడికి నాణెం గురించిన బెంగ తీరింది. హాంబర్గ్ నగరం 1619లో ఇదే నమూనాలో బ్యాంకును నెలకొల్పి, జర్మనీలో చెలరేగిన కల్తీ నాణేల తుపానును తట్టుకోగలిగింది.

ప్రభుత్వ రుణం విషయంలోనూ హాలండ్ వేరే బాట పట్టింది. అక్కడ ప్రభుత్వ బాండ్లు కొన్నది విదేశీ సాహుకార్లు కాదు, ఆ దేశ పౌరులే. పన్నులు నిర్ణయించే నగర పాలకుల చేతుల్లో సైతం ఆ బాండ్లు ఉన్నాయి. అప్పు ఎగవేస్తే వారి సొమ్మే మునుగుతుంది. అందువల్ల వడ్డీ గడువు తప్పలేదు. విశ్వాసం పెరిగినకొద్దీ వడ్డీ రేటు 1640లో 5 శాతానికి, 1655లో 4 శాతానికి దిగింది. బాల్టిక్ ప్రాంతం నుంచి ధాన్యం, కలప తేవడం, ఉత్తర సముద్రంలో హెరింగ్ చేపలు పట్టడం, తక్కువ మంది నావికులతో ఎక్కువ సరుకు మోసే ఓడలు కట్టడం వారికి సిరులు తెచ్చాయి. పొరుగు దేశాలలో కరువు వచ్చినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్ గిడ్డంగులలో ధాన్యం ఉండేది.

హాలండ్‌ను ఆదర్శ రాజ్యంగా చిత్రించడం కూడా పొరపాటే. ఆ వడ్డీలు చెల్లించడానికి రొట్టె, బీరు, మాంసం, ఉప్పు, వంటచెరకుగా వాడే పీట్ మట్టిపై కూడా పన్ను వేశారు. బాండ్లున్న సంపన్నుడికి వడ్డీ వచ్చేది. రొట్టె కొనే కూలివాడు ఆ వడ్డీకి పన్ను కట్టేవాడు. సముద్రాల ఆవల వారి వ్యవహారం మరీ క్రూరమైనది. 1621లో జాజికాయ గుత్తాధిపత్యం కోసం బాండా దీవుల ప్రజలను డచ్చి ఈస్టిండియా కంపెనీ దాదాపు తుడిచిపెట్టింది.

బందరు రేవు దాకా

ఈ చరిత్రతో తెలుగు నేలకు కూడా సంబంధం ఉంది. 1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ ఓడలు 1605 నాటికే మచిలీపట్నం చేరాయి. మరుసటి ఏడాది గోల్కొండ సుల్తాను నుంచి వర్తకానికి అనుమతి లభించింది. 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. మసాలా దినుసులు పండే తూర్పు దీవులలో వెండికంటే కోరమాండల్ వస్త్రాలకే గిరాకీ ఎక్కువ. ఆ వస్త్రాలు కొనాలంటే మాత్రం వెండి, బంగారం తేవలసిందే. యూరప్ సరుకులకు ఇక్కడ ఆదరణ లేదు. పొటోసీలో వెట్టికార్మికుడు తవ్విన వెండి సెవిల్, ఆమ్‌స్టర్‌డామ్ మీదుగా బందరు రేవులో దిగి, పాలకొల్లు, ద్రాక్షారామం పరిసరాల నేతగాళ్ళ మగ్గాలను ఆడించింది.

1660లలో మొగల్ రాజ్యంలో ఉన్న ఫ్రెంచి వైద్యుడు ఫ్రాంస్వా బెర్నియే, ప్రపంచంలోని వెండి బంగారాలు చివరకు హిందూస్థానానికే చేరి అక్కడే ఇంకిపోతున్నాయని ఫ్రాన్స్ మంత్రి కోల్‌బేర్‌కు రాశాడు. అయితే వెండి వచ్చి చేరడమే వైభవమనుకుంటే స్పెయిన్ చేసిన పొరపాటే మనమూ చేసినట్టు. నేసిన బట్ట వల్ల వచ్చిన వెండి కనుక అది స్పెయిన్ దోచి తెచ్చిన వెండి కంటే మేలైనదే. కానీ ఆ వెండిలో నేతగాడి ఇంటికి చేరినదెంత, దళారీలకూ, రేవు సుంకాలు గుత్తకు తీసుకున్న అధికారులకూ దక్కినదెంత అన్నది వేరే ప్రశ్న.

ఇంగ్లండ్ నేర్చిన పాఠం

ఇంగ్లండ్ మొదట స్పెయిన్ బాటలోనే నడిచింది. ఎనిమిదో హెన్రీ 1544 నుంచి నాణేలను విపరీతంగా కల్తీ చేశాడు. 1560-61లో ఎలిజబెత్ రాణి వాటిని రద్దు చేసి మంచి నాణెం తెచ్చింది. 1672లో రెండో ఛార్లెస్ స్వర్ణకార బ్యాంకర్లకు చెల్లింపులు నిలిపివేశాడు. వారి వద్ద సొమ్ము దాచుకున్న సామాన్యులు కుదేలయ్యారు. 1688 విప్లవం తరువాత పరిస్థితి మారింది. పార్లమెంటు అనుమతి లేనిదే రాజు పన్ను వేయరాదన్న నియమం స్థిరపడింది. 1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఏర్పడి, ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతం వడ్డీకి అప్పిచ్చింది. ఆ వడ్డీకి హామీ రాజు మాట కాదు, పార్లమెంటు ఆమోదించిన పన్ను. 1750ల నాటికి బ్రిటిష్ ప్రభుత్వ రుణంపై వడ్డీ 3 శాతానికి తగ్గింది.

ఈ మార్పు కూడా నొప్పి లేకుండా జరగలేదు. అంచులు కత్తిరించడం వల్ల వెండి నాణేల బరువు 1695 నాటికి దాదాపు సగమైంది. 1696లో వాటిని పూర్తిగా మార్చడానికి ప్రభుత్వం పూనుకుంది. గడువులోగా పాత నాణేలను పన్నుల రూపంలో చెల్లించగలిగిన సంపన్నులు పూర్తి విలువ పొందారు. పన్ను కట్టేంత ఆస్తి లేని పేదలు చేతిలోని నాణెం చెల్లక నష్టపోయారు. నాణెం బాగుపడింది. ఆ బాగుకు మూల్యం మాత్రం పేదవాడు చెల్లించాడు.

అయినా ఇంగ్లండ్‌కు ఒక ప్రత్యేకత ఉందని ఒప్పుకోవాలి. 1601 నాటి పేదల సహాయ చట్టం ప్రకారం ప్రతి గ్రామ చర్చి పరిధిలోనూ ఆస్తిపరుల నుంచి పన్ను వసూలు చేసి నిరుపేదలను ఆదుకోవాలి. ఆ సాయం అరకొరదే, అవమానకరమైనదే. అయినా 1690లలో చలికి పంటలు పోయిన సంవత్సరాలలో దాని విలువ తెలిసివచ్చింది. 1693-94లో ఫ్రాన్స్‌లో పది లక్షలకు పైగా జనం ఆకలికీ, దాని వెంట వచ్చిన జ్వరాలకూ బలయ్యారు. 1695-97లో ఫిన్లండ్ జనాభాలో దాదాపు మూడో వంతు నశించింది. ఇంగ్లండ్‌లో ధాన్యం ధరలు పెరిగినా అటువంటి మరణాలు సంభవించలేదు. మెరుగుపడిన సేద్యం, రవాణాతోపాటు ఈ చట్టం కూడా ఇందుకు కారణమని చరిత్రకారులు భావిస్తున్నారు.

స్పెయిన్ కూడా శాశ్వతంగా పడిపోలేదు. 1680లో రాగి నాణెం విలువను కఠినంగా తగ్గించి, 1686లో ద్రవ్య వ్యవస్థను సరిదిద్దిన తరువాత కాస్టీల్ నెమ్మదిగా కోలుకుంది. తూర్పు యూరప్‌లో మాత్రం పునరుద్ధరణ విపరీత రూపం ధరించింది. పశ్చిమ దేశాలకు ధాన్యం ఎగుమతి చేయడానికి పోలండ్ భూస్వాములు రైతులను భూమికి కట్టిపడేసి వెట్టిచాకిరీ పెంచారు. ఆమ్‌స్టర్‌డామ్ గిడ్డంగులలోని ధాన్యం వెనుక ఆ భూదాసుల చెమట ఉంది. ఒక దేశపు కోలుకోలు మరో దేశపు దాస్యం కాగలదని ఇది హెచ్చరిస్తోంది.

నమ్మకం ఒకసారి సంపాదిస్తే శాశ్వతంగా ఉండిపోతుందని కూడా అనుకోరాదు. ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకు ఖాతాదారుల సొమ్మును డచ్చి ఈస్టిండియా కంపెనీకి రహస్యంగా అప్పిచ్చిన సంగతి 1790లలో బయటపడింది. దాదాపు రెండు శతాబ్దాల ప్రతిష్ఠ కొద్ది కాలంలోనే మంటగలిసింది. 1819లో ఆ బ్యాంకు మూతపడింది.

మన కాలానికి వర్తించేది

నాలుగు శతాబ్దాల కిందటి సంగతులు నేడెందుకన్న సందేహం అక్కరలేదు. 1991లో విదేశీ మారకద్రవ్యం కొద్ది వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితికి చేరినప్పుడు భారతదేశం సుమారు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టింది. 1694లో యుద్ధ ఖర్చు కోసం పుట్టిన బ్యాంకు గడప మూడు శతాబ్దాల తరువాత మన బంగారం తొక్కింది. దేశం చెల్లింపులు తప్పలేదు, మాట నిలబెట్టుకుంది. కానీ ఆ తరువాతి సంస్కరణల లాభనష్టాలు అందరికీ సమంగా పంచబడ్డాయా అన్న చర్చ నేటికీ ఆగలేదు.

పొరుగున ఉన్న శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ రుణాల చెల్లింపు నిలిపివేసింది. పెట్రోలు, మందులు, వంటగ్యాస్ కోసం జనం బారులు తీరారు. 2023లో దేశీయ రుణాన్ని సర్దుబాటు చేసినప్పుడు భారం ప్రధానంగా ఉద్యోగుల భవిష్య నిధులపై పడింది. బ్యాంకులకు మినహాయింపు లభించింది. బ్యాంకులు కూలితే డిపాజిటర్లు మునుగుతారన్న ప్రభుత్వ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అయినా జీవితమంతా కష్టపడి కూడబెట్టిన కార్మికుడి వృద్ధాప్యపు సొమ్మే మొదట చేతికందడం, 1628లో కాస్టీల్ గృహస్థు దాచుకున్న రాగి నాణేల కథను గుర్తుకు తెస్తుంది.

అప్పు చేయడం తప్పు కాదు. హాలండ్, ఇంగ్లండ్ స్పెయిన్‌కు తీసిపోకుండా అప్పులు చేశాయి. అవి ఆ అప్పుకు తగిన పన్నును బహిరంగంగా నిర్ణయించాయి, లెక్క చెప్పాయి, గడువుకు చెల్లించాయి. స్పెయిన్ రాజుకు వెండి ఓడ వస్తుందన్న ధీమా ఉన్నందున ప్రజాప్రతినిధులకు లెక్క చెప్పవలసిన అవసరం అంతగా కనిపించలేదు. గనిలో దొరికే సంపద, విదేశాల నుంచి వచ్చే సొమ్ము, ఆస్తులు అమ్మగా వచ్చే ఆదాయం ఏ ప్రభుత్వానికైనా అటువంటి ధీమానే కలిగిస్తాయి. అది సంస్కరణను వాయిదా వేయిస్తుంది తప్ప సంక్షోభాన్ని ఆపదు.

అదే సమయంలో రుణదాతల నమ్మకాన్ని మాత్రమే కొలమానంగా పెట్టుకునే పాలకులు చరిత్రలోని రెండో పార్శ్వాన్ని కూడా చూడాలి. ఆమ్‌స్టర్‌డామ్ బాండు ఎంత పటిష్ఠమైనదైనా దాని వడ్డీ రొట్టె మీది పన్నుతో చెల్లించినది. లండన్ నాణెం ఎంత మంచిదైనా దాని మార్పిడిలో నష్టపోయింది కూలివాడు. కరువు వేళ ప్రజల ప్రాణాలు నిలిపింది బాండూ కాదు, నాణెమూ కాదు. గిడ్డంగిలోని గింజలు, వాటిని పేదవాడి దాకా చేర్చిన చట్టం. రుణదాతకు ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడం ప్రభుత్వ ధర్మమే. ఆకలిగొన్న పౌరుడికి ఇచ్చిన మాట అంతకంటే చిన్నదేమీ కాదు. ఈ రెండు మాటలలో ఒకదానిని బలిపెట్టి మరొకదానిని కాపాడే పునరుద్ధరణ ఎంతో కాలం నిలవదని ఆర్థిక మంత్రులు ఇప్పటికైనా గ్రహించడం అవసరం.